బెల్లం కాటా

ఆ చలికాలం మా ఇంట్లో లెక్క ప్రకారం సరైన బరువున్న మనిషిని నేనొక్కణ్ణే. కిడ్నీలు రెండూ చెడిపోయి, రోజు విడిచి రోజు కరీంనగర్ పోయి రక్తం కడిగించుకొని వచ్చేది కూడా నేనే. దేవుడికి హాస్యం ఎక్కువేమో అనిపించేది. నవ్వడానికి మాత్రం నాకు ఓపిక ఉండేది కాదు.

హైదరాబాద్ ఆసుపత్రిలో డాక్టరమ్మ గది గోడకు ఒక పటం వేలాడుతూ ఉండేది. అడుగున బరువులు, పక్కన ఎత్తులు, మధ్యలో రంగుల పట్టీలు. బరువును ఎత్తుతో భాగించి, వచ్చినదాన్ని ఇంకోసారి ఎత్తుతో భాగిస్తే ఒక అంకె వస్తుందట. దాన్ని బీఎంఐ అంటారని, అది పడిన రంగును బట్టి మనిషి ఆరోగ్యానికి ఎంత ముప్పో తెలుస్తుందని చెప్పింది. మా అక్క భూలక్ష్మి లావు ఎక్కువై ఎరుపులో పడింది. మమ్మల్ని కన్న మా అవ్వ కనకవ్వ బక్కచిక్కి నీలంలో పడింది. నేను నిండు పచ్చలో ఉన్నాను.

అవ్వకు చదువు రాదు గానీ రంగులు తెలుసు. "అయితే మా దేవదాసుది మంచిగనే ఉన్నదా మేడం?" అని ఆశగా అడిగింది.

డాక్టరమ్మ నా కాలి మీద బొటనవేలితో నొక్కి, పడిన గుంటను అవ్వకు చూపించింది. నాలో ఉన్నది కండ కాదని, బయటికి పోలేక నిలిచిన నీళ్లని, అవి తీసేస్తే నేను కూడా అవ్వ రంగులోనే ఉంటానని చెప్పింది. ఆ అంకెకు నీళ్లేవో కండ ఏదో తెలియదట. తెలియని అంకెను పట్టుకొని మా బతుకులు ఎందుకు తేలుస్తున్నారని అడగాలనిపించింది. అడగలేదు. ఆ గదిలో నేను అడుక్కునేవాణ్ణి.

నాకు కిడ్నీ ఇస్తామని ఇంట్లో ముగ్గురు ముందుకొచ్చారు. బాపుకు, అంటే మా నాన్నకు, షుగరు ఉంది కాబట్టి ఆయన్ని మొదటిరోజే పక్కన పెట్టారు. అవ్వ రక్తం, అక్క రక్తం రెండూ నాకు కలిశాయి. బరువులే కలిసి రాలేదు. అక్క ఉన్న లావుతో ఒక కిడ్నీ తీసేస్తే మిగిలినదాని మీద భారం పడుతుందని, రేపు బీపీ, షుగరు వచ్చాయంటే ఆమే వచ్చి నా మంచం మీద పడుకోవాల్సి వస్తుందని డాక్టరమ్మ అంది. అవ్వకైతే కోత మానేంత సత్తువ లేదు. అక్క తొమ్మిది కిలోలు తగ్గి ఎరుపు పక్కనున్న పసుపులోకి దిగాలి, లేదా అవ్వ నాలుగు కిలోలు పెరిగి పచ్చలోకి ఎక్కాలి. ఎవరు ముందు వస్తే వాళ్లకు మిగతా పరీక్షలు చేస్తాం, మాఘంలో రండి అంది.

తిరిగి వచ్చే బస్సులో అక్క చాలాసేపు కిటికీలోంచి బయటికే చూసింది. కరీంనగర్ దగ్గరపడ్డాక నా వైపు తిరిగి, "చిన్నప్పటి సంది అందరు లావు లావు అంటే నేను గూడ నవ్విన తమ్మీ. గిప్పుడు గా లావే నీ పానం మీదికొచ్చింది" అంది. ఆ సాయంత్రమే ధర్మపురిలో ఉన్న బావకు ఫోన్ చేసి, మాఘం దాకా ఇక్కడే ఉంటానని, పిల్లను చూసుకొమ్మని చెప్పింది. బావ మంచివాడు. గుడి దగ్గర కొబ్బరికాయల దుకాణం ఆయనది. కాదనలేదు.

మాది చొప్పదండి దాటాక వచ్చే ఊరు. ఇంటి ముందు గదిలో నాలుగు సాంచాలున్నాయి. మరమగ్గాలని పుస్తకాల్లో రాస్తారు గానీ మేము సాంచాలే అంటాం. మూడు బాపు నడిపేవాడు. నాలుగోది నాది. నాకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో జబ్బు బయటపడి, అది సగం నేసిన గుడ్డతో అట్లాగే ఆగిపోయింది. దాని మీద ఇంకొకరిని ఎక్కించడానికి బాపు ఒప్పుకోలేదు.

ఊళ్లో మనిషిని తూచగల కాటా అంతయ్య సేటు దుకాణంలో ఒక్కటే ఉండేది. అది ఉత్త కాటా కాదు. ఆ ఏడు సమ్మక్క సారలమ్మల జాతర. మొక్కుకున్నవాళ్లు ఆ కాటా మీద కూర్చుంటే సేటు వాళ్ల బరువు చూసి, అంతే బరువు బెల్లం తూచి ఇస్తాడు. అప్పుడది బెల్లం కాదు, బంగారం. మేడారం తీసుకుపోయి తల్లుల గద్దె దగ్గర పెడతారు. నిలువెత్తు బంగారం ఇచ్చామని చెప్పుకుంటారు. అందుకే జాతర ఏట ఆ కాటాను దండం పెట్టి ఎక్కుతారే తప్ప ఊరికే ఎవరూ ఎక్కరు.

మేము మొదటిసారి పోయినరోజు మా పక్కింటి ఐలవ్వ కూడా అక్కడే ఉంది. అవ్వ కాటా ఎక్కడం చూసి, ఎవరి మొక్కని, మరి బంగారం ఎక్కడని అడిగింది. రంగుల పటం సంగతి ఐలవ్వకు చెప్తే అర్థమయ్యేది కాదు. అవ్వ కాటా దిగి, దాన్ని ముట్టుకొని చేయి కళ్లకద్దుకుంది. "నా కొడుకు లేచి తిరుగుతే వాని నిలువెత్తు బంగారం ఇస్త తల్లీ" అంది. దుకాణంలో ఉన్నవాళ్లందరూ చేతులు జోడించారు. తర్వాత అక్క ఎక్కింది. తాను మొక్కితే సేటు గోదాం ఖాళీ అవుతుందని ఆమే ముందుగా అనేసింది, ఇంకెవరూ అనకుండా.

అప్పటి నుంచి వారానికోసారి, ఊళ్లో సంత జరిగే ప్రతి అంగడి రోజూ ఇద్దరూ పోయి తూచుకొని వచ్చేవారు. మిగతా రోజుల్లో మా ఇల్లు చూస్తే ఎవరికైనా మతిపోయేది. అక్క తెల్లవారకముందే కాలువ కట్ట మీద పడి నడిచేది. వచ్చి ఒక జొన్నరొట్టె, ఆకుకూర తినేది. అన్నం ముట్టేది కాదు. అవ్వకేమో ఉడికించిన గుడ్లు, నెయ్యి కలిపిన అన్నం, పడుకునే ముందు పాలు. ఆమె జీవితమంతా అందరూ తిన్నాక మిగిలింది తిన్న మనిషి. ఆ కడుపు ఆ కాస్తకే అలవాటుపడి ఉంది. రెండో గుడ్డు నోట్లో పెట్టుకొని మింగలేక కళ్లలో నీళ్లు తెచ్చుకునేది. ఎదురుగా అక్క ఆకలితో కూర్చొని, "మింగు అవ్వా, ఇంకొక్కటి" అని బతిమాలేది. నాకు నీళ్లు గ్లాసుతో కొలిచి పోసేవారు, కూరలో ఉప్పు ఉండేది కాదు. నేను కసిరి పళ్లెం నెట్టేస్తే ఇద్దరూ కలిసి నా మీద పడేవారు.

అక్క కరుగుతూ వచ్చింది. ముందు ముఖం, తర్వాత చేతులు. గాజులు మోచేతి దాకా జారేవి. సాయంత్రం బిడ్డ నవ్యశ్రీ ధర్మపురి నుంచి ఫోన్లో కనిపించేది. ఐదో తరగతి పిల్ల. మొదట్లో వాళ్లమ్మ సన్నబడిందని సంబరపడింది. తర్వాత ఒకరోజు, "అమ్మా, నువ్వు అమ్మమ్మ లెక్క అయితున్నవ్. ఇంక చాలు, ఇంటికి రా" అంది. అక్క నవ్వుతూ ఏదో చెప్పింది. పక్కన చక్రం మీద నూలు కండెలు చుడుతున్న అవ్వ చేతులు ఆగడం నేను చూశాను.

అవ్వ బరువు మాత్రం పెరగలేదు. వారం వారం అదే అంకె. ఒకసారి ఇంకా తగ్గింది కూడా. కాటా దిగి వచ్చేటప్పుడు ఆమె ఎవరి ముఖమూ చూసేది కాదు. పుష్యం సగమయ్యాక ఒక అంగడినాడు ఉన్నట్టుండి రెండు కిలోలు పెరిగింది. సేటు మళ్లీ ఎక్కించి చూశాడు. అదే అంకె. గుడ్లు ఇప్పటికి ఒంటికి పట్టాయని అందరం అనుకున్నాం. తర్వాతి వారం కాటా నలభై చూపించింది. డాక్టరమ్మ చెప్పిన గీత అదే. నేను ఆ రోజు కరీంనగర్ నుంచి వచ్చేసరికి ఇంట్లో పండగలా ఉంది. బాపు సాంచాలు ఆపి గడపలో కూర్చొని నవ్వుతున్నాడు. బాపు నవ్వి ఎన్నాళ్లయిందో.

ఆ పూట అవ్వ తన చేత్తో అక్కకు అన్నం పెట్టింది. పప్పు, నెయ్యి, పక్కన కారం. "ఇగ నాదే అయిపాయె. నువ్వు తిను బిడ్డా. మంచిగ తిని ఇంటికి పో. పిల్ల ఎదురు చూస్తున్నది" అంది. అక్క ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఒక ముద్ద కలుపుకుంది. అన్నం వాసన చూసి ఆమె కళ్లు మూసుకోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. పళ్లెం తుడిచినట్టు తిన్నది. మర్నాడు కట్ట మీదికి పోలేదు. ఆ వారంలోనే ధర్మపురి పోతానని సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. పసుపులోకి దిగడానికి ఆమెకు ఇంకా రెండు కిలోలే ఉండె.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగితే మా ఇంట్లో వచ్చే నిశ్శబ్దం బయటివాళ్లకు తెలియదు. చెవులు ఖాళీ అయిపోతాయి. బాపు బీడీ తాగడానికి బయటికి పోయాడు. నేను లేచి నా సాంచె దగ్గరికి వెళ్లాను. ఊరికే, చూడాలనిపించి. పడుగు మీద చేయి వేశాను. వేలు పెడితే మోగేలా బిగిసి ఉండే దారాలు మెత్తగా కిందికి దిగిపోయాయి. నూలు చుట్టిన బీము వదులు కాకుండా వెనక వైపు ఇనుప దిమ్మెలు వేలాడదీస్తాం. వంగి చూస్తే కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. దిమ్మెలు రెండూ లేవు.

బాపు తీశాడేమో అనుకొని అడిగాను. నీ సాంచెను నేనెందుకు ముట్టుకుంటాను అన్నాడు. ఒక్కో దిమ్మె రెండు కిలోలు. నాకు అప్పుడు అవ్వ నడక గుర్తొచ్చింది. నేనూ వెంట ఉన్న అంగడినాడు, రెండు కిలోలు పెరిగినప్పుడు, నడుము నొప్పంటూ, చేయి రొండిన పెట్టుకొని, అడుగులో అడుగు వేస్తూ నడిచింది. కాటా ఎక్కేటప్పుడు అక్క పట్టుకోబోతే వద్దని చేయి విదిలించింది.

ఇంటి వెనక ఎండలో అవ్వ కండెలు చుడుతూ కూర్చుంది. నేను పోయి పక్కన కూలబడ్డాను. నా సాంచె దిమ్మెలు ఎక్కడున్నాయని అడిగాను. ఆమె చక్రం తిప్పడం ఆపలేదు. బియ్యం సంచుల వెనక ఉన్నాయంది. అంత మామూలుగా చెప్పింది.

"దవాఖాన్ల చీర ఇప్పించి గౌను తొడుగుతరు అవ్వా. అప్పుడు తూస్తరు. దిమ్మెలు ఏడ దాస్తవు?"

చక్రం ఆగింది. గౌను సంగతి ఆమెకు తెలియదు. మొదటిసారి పోయినప్పుడు చీరతోనే తూచారు కాబట్టి రేపూ అట్లాగే తూస్తారనుకుంది. ఒకసారి లోపలికి పోతే, కోసి చూశాక ఎవరు బయటికి పంపిస్తారని అనుకుంది. తెగిన దారాన్ని వెతికి, ముడేసి, నోటితో కొరికి, అప్పుడు మాట్లాడింది.

"ఇద్దర్ని కన్న. ఒక్కదాన్ని కోసి ఇంకొకనికి పెట్టుమంటే నేను ఎట్ల చూడాలె కొడుకా? దానికి పిల్ల ఉన్నది. నా ఒంట్ల ఇంక ఏమున్నది, కోస్తె కొయ్యనీ. నేను పోయినా ఎవలకు నష్టం లేదు."

నాకు కోపం వచ్చింది. అవ్వ మీద కాదు. ఆ కోపం ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను. నువ్వు పోతే నాకు నష్టం అని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె నా మోకాలి మీద చేయి వేసి, అక్కకు చెప్పొద్దని మాత్రం అడిగింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులు ఒకటే లెక్క వేసుకుంటూ తిరిగాను. లెక్క చాలా చిన్నది. నేను నోరు మూసుకుంటే అక్క ధర్మపురి పోతుంది. బిడ్డను దగ్గర పెట్టుకొని కడుపు నిండా తింటుంది. మాఘంలో అవ్వకు గౌను తొడిగి తూచి వెనక్కి పంపిస్తారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేంత కాలం నా దగ్గర లేదు. రక్తం కడిగే గదిలో నా పక్క మంచం అప్పటికే రెండుసార్లు ఖాళీ అయి మళ్లీ నిండింది. నేను నోరు విప్పితే, అన్నం తినే అక్క ముందు నుంచి పళ్లెం లాగి, నీ ఒంట్లోది నాకు కోసి ఇవ్వు అని అడిగినట్టే. నాకు ఇరవై ఏడేళ్లు. నాకు బతకాలని ఉండె. మంచివాడిననిపించుకొని చావాలని అస్సలు లేదు.

అక్క వెళ్లాల్సిన రోజుకు ముందురోజు మధ్యాహ్నం అక్క, అవ్వ సాంచాల గదిలోనే ఒక మూలకు అప్పుడే అన్నానికి కూర్చున్నారు, బాపు సాంచాలు ఆపి గడపలో కూర్చున్నాడు. నేను బియ్యం సంచుల వెనక నుంచి దిమ్మెలు తీశాను. అవ్వ వాటిని పాత రైక గుడ్డలో చుట్టి, నడుముకు కట్టుకోవడానికి అంచులు కుట్టి పెట్టింది. గుడ్డ విప్పి వాళ్లకు కనపడేలా నేల మీద వదిలేసి, దిమ్మెలు రెండు చేతుల్లో పట్టుకొని వాళ్ల ముందు నుంచే నా సాంచె దగ్గరికి నడిచాను. నా చేతుల్లో సత్తువ లేక మోకాళ్లకు తగులుతున్నాయి. వంగి ఒక్కొక్కటే కొక్కేనికి తగిలించాను. ఇనుముకు ఇనుము తగిలి చప్పుడైంది. పడుగు మెల్లగా బిగిసింది.

అక్క కూడా సాంచాల మధ్య పుట్టిన మనిషే. ఆమె దిమ్మెలను చూసింది, నేల మీద పడి ఉన్న రైక గుడ్డను చూసింది, అవ్వ నడుము వైపు చూసింది. ఆఖరికి నన్ను చూసింది. నేను తల దించుకోలేదు. దించుకోవాలని చాలా అనిపించింది.

ఆమె ముందు పళ్లెంలో అన్నం ఇంకా తాకకుండా ఉంది. పళ్లెం వంచి ఆ అన్నాన్ని తిరిగి గిన్నెలోకి జార్చింది. పిడికెడు మిగుల్చుకొని దాని మీద మజ్జిగ పోసుకుంది. "పొద్దుగాల కట్ట మీదికి నువ్వు గూడ రా తమ్మీ. ఒక్కదానికి కుక్కల భయమైతాంది" అంది. ఆ కట్ట మీద రెండు నెలలు ఒక్కతే నడిచిన మనిషి ఆమె. అవ్వ ఎడమ చేత్తో కొంగు తీసుకొని ముఖానికి అడ్డం పెట్టుకుంది. బాపు లేచి తన మూడు సాంచాలూ ఒకేసారి నడిపించాడు. ఇక ఎవరు ఏడ్చినా వినపడలేదు.

జాతరకు ఆ ఏడు మేము పోలేదు. జాతర అయిన వారానికి హైదరాబాద్ పోయాం. గౌను తొడిగిన అక్క కాటా మీద నిలబడితే నర్సమ్మ అంకె రాసుకొని, వేళ్లతో ఏదో లెక్కేసి, పసుపులోకి వచ్చిందని చెప్పింది. అక్క దిగి గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చుంది. డాక్టరమ్మ అవ్వను కూడా ఒకసారి తూచమంది. మొదటిసారి కంటే కిలో తక్కువ ఉంది. ఇన్ని గుడ్లు ఎక్కడికి పోయాయని డాక్టరమ్మ అడిగింది. ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. బిడ్డ ఆకలితో కూర్చున్న ఇంట్లో తల్లి తిన్నది ఒంటికి పడుతుందా.

పరీక్షలు, సంతకాలు, ఆఫీసర్ల ముందు ప్రశ్నలు అన్నీ అయి ఎండాకాలంలో ఆపరేషన్ చేశారు. నాకు మెలకువ వచ్చేసరికి మొదట గుర్తుపట్టింది అవ్వ గొంతు. అద్దం అవతల నిలబడి నర్సును అడుగుతోంది. ఆమె అడుగుతున్నది నా గురించి కాదు.

రెండేళ్లకు మళ్లీ జాతర వచ్చింది. మొన్నటి మాట. నా సాంచె నడుస్తోంది. కాళ్ల మీద నొక్కితే గుంట పడదు. డాక్టరమ్మ పటంలో ఇప్పుడు పచ్చకు అంచున ఉన్నాను, నీళ్లు లేకుండా. మొక్కు తీర్చాలని అవ్వ అందరినీ అంతయ్య సేటు దుకాణానికి తీసుకుపోయింది. ధర్మపురి నుంచి అక్క, బావ, నవ్యశ్రీ వచ్చారు. ఒక కిడ్నీతో ఉన్నందుకు అక్క ఇప్పటికీ కాలువ కట్టల వెంట నడుస్తూనే ఉంది, తీపి ముట్టదు. ఎరుపులోకి మళ్లీ పోవద్దని ఆమెకు గట్టిగా చెప్పారు.

నేను దండం పెట్టి కాటా మీద కూర్చున్నాను. సేటు అంకె చూసుకొని నన్ను దిగమన్నాడు. బెల్లం ముద్దలు ఒక్కొక్కటే పేరుస్తూ, చివర చిన్న ముక్కలతో సరిచేసి, నా అంకె రాగానే చేతులు దులుపుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తల్లులను తలుచుకొని మొక్కారు. అప్పుడు అవ్వ ముందుకు వంగి, ఆ కుప్పలోంచి పిడికెడంత ముద్ద ఒకటి తీసుకుంది. కాటా మీద అంకె కొంచెం తగ్గింది.

"తక్కువైతది కనకవ్వా. తల్లికి తక్కువ ఇయ్యద్దు" అన్నాడు సేటు.

"కాదు సేటూ. వాని లోపల గింత వాడిది గాదు" అంది అవ్వ. "పరాయి సొమ్ము నా కొడుకు మొక్కుల ఎట్ల తూస్త?"

సేటుకు అర్థం కాలేదు. అవ్వ ఆ ముద్దను తీసుకుపోయి అక్క అరచేతిలో పెట్టింది. అక్క తీపి తినొద్దన్న సంగతి గుర్తుచేయబోయి బావ ఆగిపోయాడు. నవ్యశ్రీ తనకూ ఒక ముక్క కావాలని చేయి చాపితే అవ్వ మెల్లగా ఆ చేతిని పక్కకు తీసింది.

"తిను బిడ్డా" అంది.

అక్క నన్ను చూసింది, దిమ్మెలు తగిలించిననాడు చూసినట్టే. ఈసారి నేను తల దించుకున్నాను. ఆమె రెండు చేతులతో ఆ ముద్దను పట్టుకొని, అంగడి జనం మధ్య అక్కడే నిలబడి కొంచెం కొంచెంగా కొరుక్కుతింది. అంతా అయిపోయేదాకా అవ్వ ఆమె ముందు నుంచి కదలలేదు.